బుకిట్టింగి: మెట్ల మీద బజారు

బుధవారం తెల్లవారుజామున అయిదింటికి బుకిట్టింగిలో చలి ఇంకా వదలదు. భూమధ్యరేఖకి కూతవేటు దూరంలో ఉన్న ఊళ్ళో స్వెట్టర్లేమిటని కొత్తవాళ్ళు ఆశ్చర్యపోతారు గానీ, ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. ఇంచుమించు మన అరకు లోయ అంత ఎత్తు. ఇండోనేసియాలో పశ్చిమ సుమత్రాకి చెందిన ఈ నగరానికి రెండు అగ్నిపర్వతాలు కాపలా. సింగ్గలాంగ్ చాలాకాలంగా నిద్రలో ఉంది. మరాపికి నిద్ర పట్టదు. ఆ రెండు కొండల వాలుల్లో పండిన క్యాబేజీ, క్యారెట్, ఉల్లికాడలు, టమాటా, మిరపకాయలు వేసుకొచ్చిన చిన్న వ్యాన్లు ఆ చీకట్లోనే పసార్ బావా దగ్గర వరసగా ఆగుతాయి. తెలుగు చెవికి బావగారి బజారులా వినిపిస్తుంది. అక్కడి మాటలో ‘బావా’ అంటే కింద. అంటే ఇది కింది బజారు. బస్తాలు వీపున వేసుకుని దించేవాళ్ళు దించుతుంటే, టోకు బేరాలు తెల్లారకముందే తెగిపోతాయి. సూర్యుడు వచ్చేసరికి మిగిలేది చిల్లర బేరమే.

ఈ ఊరి గురించి రాసేవాళ్ళందరూ పైనుంచి మొదలుపెడతారు. పైన జామ్ గడాంగ్ ఉంది, అంటే పెద్ద గడియారం. డచ్చివారి కాలంలో 1926లో కట్టిన 26 మీటర్ల గోపురం. దాని మీద రోమన్ అంకెల్లో నాలుగుని అందరిలా రాయకుండా నాలుగు నిలువు గీతలు గీశారు. టోపీ రెండుసార్లు మారింది: డచ్చివారు కోడిపుంజు బొమ్మ పెట్టారు, జపాన్ సైన్యం తన దేశపు గుడి కప్పులా మార్చింది, స్వాతంత్ర్యం వచ్చాక ఇక్కడి జనమైన మినంగకబావుల ఇళ్ళకుండే గేదెకొమ్ముల కప్పు ఎక్కింది. ఏలినవాళ్ళ చరిత్ర అంతా ఆ కప్పులోనే కనిపిస్తుంది కాబట్టి ఫొటోలన్నీ అక్కడే. గడియారం పక్కనే పసార్ ఆతే, పై బజారు.

అయితే ఈ బజారు నడిచే తీరు అర్థం కావాలంటే గడియారం దగ్గర నిలబడి లాభం లేదు. గడియారం గంటలు చెబుతుంది, బజారు వారాలతో నడుస్తుంది. పైగా ఇది ఒక చోట ఉండే బజారు కాదు, ఒక కొండవాలు. పసార్ ఆతే గుట్ట పైన, పసార్ లెరెంగ్ వాలులో, పసార్ బావా, పసార్ బాంతో అడుగున. వీటిని కలిపేవి మెట్లు. వాటిలో పేరున్నవి 1908లో కట్టిన జంజాంగ్ అంపెక్ పులువా, నలభై మెట్లు. పేరు నలభైయే గానీ అడుగు నుంచి లెక్కపెడితే వంద దాకా వస్తాయి. పైభాగంలో ఇరుగ్గా, నిటారుగా ఉండే నలభైకే ఆ పేరు దక్కిందంటారు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఈ లెక్కలు బాగా తెలుసు.

పైన బట్టలు, అల్లికపని చేసిన ముసుగులు, నమాజు దుస్తులు, కానుక వస్తువులు, సంజాయ్ పేటలో పుట్టిన కర్రపెండలం చిప్స్. వాలులో చవక బట్టలు, చెప్పులు, తినుబండారాలు. అడుగున కూరగాయలు, మాంసం, చేపలు, కొబ్బరి, మసాలా ముద్దలు. దిగేకొద్దీ ధర తగ్గుతుంది, కాళ్ళకింద తడి పెరుగుతుంది. పర్యాటకుడు పైమెట్టు దాటి కిందకి రాడు. ఊరి ఇల్లాలు కింద పని పూర్తయితేనే పైకి వెళ్తుంది. ఒకే బజారులో ఇద్దరూ ఎదురుపడకుండానే రోజు గడిచిపోతుంది.

ఈ బజారు మాటలు కొన్ని మనకి చుట్టాలే. ‘పసార్’ పారశీక ‘బాజార్’ నుంచి వచ్చింది. మన ‘బజారు’దీ అదే ఇల్లు. పెట్టుబడిని అక్కడ ‘మొదాల్’ అంటారు. తమిళ ‘ముదల్’ నుంచి వెళ్ళిన మాట అది. మనం వ్యాపారంలో దెబ్బ తిన్నవాడికి ‘మొదటికే మోసం వచ్చింది’ అన్నప్పుడు వాడే మాటకి తోబుట్టువు. సరుకు దాచే కొట్టు ‘గుదాంగ్’. దీని మూలం తమిళ ‘కిడంగు’ అని కొందరు, తెలుగు ‘గిడ్డంగి’ అని కొందరు అంటారు గానీ, మొత్తానికి దక్షిణ భారత తీరం నుంచి ఓడెక్కిన మాటే. చిన్న అంగడి ‘కడాయ్’, అది అచ్చంగా తమిళుల ‘కడై’. పాలకులు వెళ్ళిపోయినా బేరగాళ్ళ మాటలు ఊళ్ళలో ఉండిపోతాయనడానికి ఇంతకంటే వేరే రుజువు అక్కర్లేదు.

మినంగకబావు వారి సొంత మాట మాత్రం ‘పకన్’. దానికి సంత అనీ అర్థముంది, వారం అనీ అర్థముంది. మనం ‘వారపు సంత’ అని రెండు మాటలు వాడే చోట వాళ్ళకి ఒక్కటి సరిపోతుంది. ఈ పీఠభూమిలో ప్రతి ఊరికీ ఒక సంతరోజు ఉంది. బుకిట్టింగికి బుధ, శనివారాలు. పాదాంగ్ పంజాంగ్‌కి సోమ, శుక్రవారాలు. బాతుసంగ్కర్‌కి గురువారం. పాయకుంబుకి ఆదివారం. కొన్ని పల్లెలకి సంతరోజే పేరైపోయింది: పకన్ కామిస్ అంటే గురువారపు సంత, పకన్ సినాయన్ అంటే సోమవారపు సంత. బుకిట్టింగిలో బజారు వారమంతా తెరిచే ఉంటుంది; కానీ బుధ, శనివారాల్లో పేవ్‌మెంటు మీద గోనెపట్టా పరుచుకోవడానికి కూడా జాగా దొరకదు.

మన అరకు, పాడేరు ఏజెన్సీలో ఒక్కో ఊళ్ళో ఒక్కో రోజు సంత జరగడం చూసినవాళ్ళకి ఇందులో కొత్తేమీ ఉండదు. కొండ ప్రాంతంలో పల్లెలు చిన్నవి, దూరదూరంగా ఉంటాయి. ఒక ఊరి గిరాకీ మీద ఒక దుకాణం రోజూ బతకలేదు. అందుకని దుకాణమే తిరుగుతుంది. ఒకే వ్యాపారి వారంలో నాలుగు ఊళ్ళ గిరాకీని పోగేసుకుంటాడు. రైతుకి మాత్రం కొనేవాళ్ళందరూ ఒకే రోజు, ఒకే చోట దొరుకుతారు. సూపర్ మార్కెట్ అద్దాల వెనక ఏసీలో కూర్చుని చేయలేని పని ఇదే. సంప్రదాయ బజారు మమకారం మీద బతుకుతోందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. లెక్క కుదురుతోంది కాబట్టి బతుకుతోంది.

ఆ మాటకొస్తే ఊరే బజారు నుంచి పుట్టింది. ఇక్కడి కురాయ్ వంశాల పెద్దలు చెప్పే కథ ప్రకారం, గుట్ట మీద వారపు సంత జరిగే చోటుని పూర్వం బుకిక్ కుబాంగన్ కబావు అనేవారు: గేదెలు బురదలో పొర్లే గుట్ట. పెద్దలు సమావేశమై ఆ పేరు తీసేసి ‘అన్నిటికంటే ఎత్తయిన గుట్ట’ అనే పేరు ఖాయం చేశారట. బుకిట్టింగి అనే నగరం పేరు అదే. ఆ సమావేశం జరిగిందని చెప్పే 1784 డిసెంబరు 22నే నగరం ఇప్పటికీ తన పుట్టినరోజుగా జరుపుకుంటుంది. రాజు కోట కట్టిన రోజో, యుద్ధం గెలిచిన రోజో కాకుండా సంత చోటుకి పేరు మార్చిన రోజుని పండగ చేసుకునే ఊళ్ళు ఎన్నో ఉండవు.

కోట తర్వాత వచ్చింది. ఇస్లాం సంస్కరణవాదులైన పాద్రీలతో యుద్ధం నడిచిన కాలంలో, 1825 ప్రాంతంలో, డచ్చివారు పక్క గుట్ట మీద ఫోర్ట్ డి కాక్ కట్టారు. 19వ శతాబ్దం చివరికి బజారులో రేకుల షెడ్లు లేచాయి. డచ్చి మాట ‘లోడ్స్’ స్థానికుల నోట్లో పడి ‘లోయ్’ అయింది. ఈలోగా 1847 నుంచి 1908 దాకా కొండ రైతుల చేత నిర్బంధంగా కాఫీ పండించి, గింజ మొత్తం సర్కారు గిడ్డంగికే ఇవ్వాలన్నారు. గింజ దక్కనివాళ్ళు ఆకులు కాల్చి, మరగబెట్టి తాగారు. కొబ్బరిచిప్పలో పోసి ఇచ్చే ఆ ‘కావా దావున్’ని ఈరోజు పర్యాటకులు కోరి తాగుతున్నారు. పేదరికపు కషాయం సరదా పానీయమైంది.

1908లో నిర్బంధ సాగు పోయి డబ్బు రూపంలో పన్ను వచ్చింది. జూన్‌లో బుకిట్టింగికి దగ్గర్లోని కామాంగ్ రైతులు తిరగబడ్డారు, డచ్చి తుపాకులకి బలయ్యారు. తిరుగుబాటు అణిగింది, పన్ను నిలిచింది. పన్ను నాణేల్లో కట్టాలంటే ప్రతి ఇంటివాళ్ళూ ఏదో ఒకటి అమ్మి తీరాలి. నలభై మెట్లు కట్టింది సరిగ్గా ఆ ఏడాదే కావడం కాకతాళీయమే అయినా, రెంటినీ పక్కపక్కన పెట్టి చూడబుద్ధేస్తుంది.

ఇండోనేసియా తొలి ఉపాధ్యక్షుడు మొహమ్మద్ హత్తా పుట్టింది కూడా ఈ ఊళ్ళోనే, 1902లో. తల్లి వైపువాళ్ళు వ్యాపారస్థులు. ఆయనని ఆ దేశంలో సహకారోద్యమ పితామహుడంటారు. పుట్టిన ఇంటిని తిరిగి కట్టి మ్యూజియం చేశారు. చిన్న మొదళ్ళు చేతులు కలిపితే తప్ప నిలబడలేవన్న సంగతి ఇలాంటి ఊళ్ళో పెరిగినవాడికి పుస్తకం చదివి తెలుసుకోవలసిన అవసరం ఉండదు.

మినంగకబావులు ఇస్లాం పాటించే మాతృవంశీయులు. ఇల్లూ పొలమూ తల్లి నుంచి కూతురికి వెళ్తాయి. మగపిల్లలు పెద్దవగానే ఊరు వదిలి వలస పోయి సంపాదించడం ఆచారం. దాన్ని ‘మెరంతావ్’ అంటారు. ఫలితం బజారులో కనిపిస్తుంది. కింది బజారులో గంపల వెనక కూర్చునేది ఎక్కువగా ఆడవాళ్ళే, అందులోనూ ‘అమై’ అని పిలిపించుకునే నడివయసు తల్లులు. కాస్త చిన్నవాళ్ళయితే ‘ఉని’, అంటే అక్క. మగవాడు ‘ఉదా’, అన్న. బేరం కూడా ఈ వరసలతోనే మొదలవుతుంది. “బులియా కురాంగ్, ని?” అంటే, తగ్గించొచ్చా అక్కా, అని. అక్కా అన్నాక కొంతయినా తగ్గించకపోతే బాగోదు. అందుకే మొదటి ధర చెప్పేటప్పుడే ఆ తగ్గింపుని కలిపి చెప్పడమూ మామూలే.

బేరమంటే అరుపులేనా అంటే, కాదు. పాయకుంబు, తానా దాతర్ వైపు పశువుల సంతల్లో మాట వినపడకుండానే ఎద్దు చేతులు మారుతుంది. అమ్మేవాడూ కొనేవాడూ కరచాలనం చేసుకుని, చేతుల మీద లుంగీలాంటి సారంగో, టోపీనో కప్పుకుంటారు. లోపల వేళ్ళు పట్టుకోవడం, మడవడం, వదలడం. ఒక్కో వేలు ఇన్ని లక్షలని లెక్క. కుదిరితే చెయ్యి గట్టిగా ఊపుతారు, కుదరకపోతే వదిలేస్తారు. దీన్ని ‘మరోసోక్’ అంటారు. తువ్వాలు కింద వేళ్ళతో ఎద్దుల బేరం చేసే దళారుల్ని చూసిన తెలుగువాళ్ళకి ఇది కొత్త కాదు. చూసేవాళ్ళకి ధర తెలియదు, తర్వాత వచ్చేవాడి బేరం చెడదు, అడిగిన తక్కువ ధరకి అమ్మేవాడి పరువూ పోదు.

కింది బజారులో కాసేపు ఆగి చూడాల్సింది మసాలా ముద్దల గట్టు. పెద్ద బేసిన్లలో నూరిన ఎర్రమిర్చి, పసుపు, అల్లం, దాని చుట్టమైన గలంగల్ దుంప, వెల్లుల్లి గుట్టలుగా పోసి ఉంటాయి; ఎరుపు మీద తడి మెరుస్తుంటుంది. వచ్చినావిడ ముద్దల పేర్లు చెప్పదు. ఏం వండుతోందో, మాంసం ఎన్ని కిలోలో చెబుతుంది. అమ్మే ఆవిడ ఒక్కో బేసిన్ నుంచి గరిటెతో ఇంత తీసి ప్లాస్టిక్ సంచిలో వేస్తుంది, పైన నాలుగు ఆకులు పడేస్తుంది. కొబ్బరిపాలలో మాంసం ఉడికించే రెందాంగ్‌కి ఒక పాళ్ళు, చేపల పులుసుకి ఇంకో పాళ్ళు. కాటా పక్కనే ఉంటుంది గానీ చెయ్యే ముందు తూస్తుంది. పక్క గట్టు మీద కొబ్బరి తురిమే యంత్రం ఆగకుండా గోల పెడుతుంటుంది. రెందాంగ్‌లో కొబ్బరిపాలు ఇంకిపోయేదాకా ఉడికించాలి కాబట్టి ఒక్క ఇంటి పండక్కే బోలెడు కాయలు పోతాయి. బియ్యం దగ్గర మన రుచీ వాళ్ళ రుచీ కలుస్తాయి. జావా వాళ్ళకి మెత్తగా అంటుకునే అన్నం కావాలి. మినంగకబావులకి పొడిపొడిగా, మెతుకు మెతుకు విడిగా ఉండాలి.

ఇక మిర్చి. పశ్చిమ సుమత్రాలో ధరల సూచీ ఎక్కినా దిగినా తరచుగా వినపడే పేరు మెలికలు తిరిగిన ఎర్రమిర్చిదే. పంటకి వానలు ఎక్కువైనా, దారి తెగినా వెంటనే ధర గుప్పుమంటుంది. జావా మిర్చి చవగ్గా దొరికినా ఇల్లాళ్ళు ముఖం తిప్పుకుంటారు. నీరు ఎక్కువ, ఘాటు తక్కువ అని. ఇక్కడ కొండ కూడా ధరలో పాలుపంచుకుంటుంది. 2023 డిసెంబరు 3న మరాపి పేలినప్పుడు 24 మంది పర్వతారోహకులు చనిపోయారు; ఆ తర్వాత నెలల తరబడి బూడిద ఆకుకూరల మీద రాలింది. 2024 మే 11 రాత్రి భారీవానకి ఆ బూడిదా రాళ్ళూ బురదవరదై దొర్లి వచ్చి అరవై మందికి పైగా ప్రాణాలు తీసింది. తీరంలోని పాదాంగ్‌ నుంచి బుకిట్టింగికి వచ్చే లెంబా అనాయ్ రోడ్డు తెగిపోయి, రెండు నెలలకు పైగా లారీలు చుట్టుదారి పట్టాయి. ఆ మట్టి ఇంత సారవంతం కావడానికీ కారణం ఆ కొండే. రైతు దాన్ని తిట్టనూలేడు, వదిలి పోనూలేడు.

మధ్యాహ్నానికి వాలు బజారులోని లోస్ లంబువాంగ్ నిండుతుంది. పేరుకి అర్థం ‘పొట్ట షెడ్డు’. ఇక్కడ దొరికేది నాసి కపావ్, పక్క ఊరు కపావ్ ఆడవాళ్ళ వంట. పాదాంగ్ హోటల్లో లాగా గిన్నెలన్నీ మన బల్ల మీద పేర్చి పోరు. అమ్మే ఆవిడ గట్టు మీద ఎత్తుగా కూర్చుంటుంది, ఎదురుగా పెద్ద పెద్ద బేసిన్లలో కూరలు. దూరంగా ఉన్నదాన్ని అందుకోవడానికి పొడుగాటి కాడ ఉన్న కొబ్బరిచిప్ప గరిటె. పనసకాయ, క్యాబేజీ, బొబ్బర్లకాయలు, వెదురుకొమ్ములు కలిపి వండిన కొబ్బరిపాల కూర ఈ ఊరి ప్రత్యేకం. గుడ్డూ టోఫూ కూరిన ఆవు పేగు, తంబుసు, ఇంకో ప్రత్యేకం. అన్నం చాలకపోతే “తంబువా చియెక్” అని కేకెయ్యాలి. మారు అన్నం ఒకటి, అని.

ఇంకో మూల వెదురు గొట్టాలు పెట్టుకుని అమ్మేవాళ్ళుంటారు. గేదెపాలు పచ్చివి గొట్టంలో పోసి, అరిటాకు మూత కట్టి రెండు రోజులు వదిలేస్తారు. తోడు వెయ్యరు, వెదురులోనూ ఆకులోనూ ఉన్నదే తోడు. గట్టిగా గడ్డకట్టిన ఆ పెరుగు ‘దాదియా’. దాన్ని దంచిన అటుకుల మీద వేసి తాటిబెల్లం పాకం పోసి తింటారు. మన ఇంట్లో కృష్ణాష్టమికి పెట్టే పెరుగటుకుల రుచి సుమత్రా కొండల్లో ఎదురుపడితే కాసేపు మాట రాదు.

చేపల దగ్గర కొంచెం జాగ్రత్త. సింగ్కారక్ సరస్సులో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పుట్టని బుల్లి చేప ‘బిలిహ్’. వేయించినవి ఇక్కడ కుప్పలుగా అమ్ముతారు. కానీ 2003లో ఈ చేపని ఉత్తర సుమత్రాలోని తోబా సరస్సులో వదిలారు. అక్కడ అది పుట్టింటికంటే బాగా పెరిగింది. ఇప్పుడు సింగ్కారక్ పేరుతో అమ్ముడయ్యే దాంట్లో చాలా భాగం తోబా నుంచి వచ్చిందే. కాస్త లావుగా ఉంటే అనుమానించాలి.

ఊరి అంచున బస్టాండు పక్కన అవుర్ కునింగ్ అనే ఇంకో బజారుంది. అది బట్టల టోకు. పొరుగు రాష్ట్రాలైన రియావు, జాంబి నుంచి కూడా చిల్లర వర్తకులు వచ్చి మూటలు కట్టుకుపోతారు. చుట్టుపక్కల ఇళ్ళలో కుట్టిన బట్టలూ, జకార్తాలోని తానా అబాంగ్ బట్టల బజారు నుంచి వచ్చినవీ అక్కడ కలిసిపోతాయి. డబ్బు లెక్కన చూస్తే మిగతా బజార్లన్నిటినీ మించినది బహుశా అదే. అయినా ఫొటోకి అందంగా ఉండదు కాబట్టి దాన్నెవరూ తలుచుకోరు.

2017 అక్టోబరు 30న పసార్ ఆతే తగలబడింది. వందల దుకాణాలు బూడిదయ్యాయి. రెండేళ్ళకు పైగా వర్తకులు తాత్కాలిక షెడ్లలో గడిపారు. కేంద్ర ప్రభుత్వ సొమ్ముతో కొత్త భవనం 2020లో తయారైంది: అంతస్తులు, విశాలమైన వరండాలు, గాలీ వెలుతురూ బాగా ఆడే కట్టడం. తయారయ్యే సమయానికి కరోనా వచ్చి పర్యాటకులే లేకుండా పోయారు. భవనం బాగానే ఉంది, తప్పు పట్టడానికి లేదు. కాకపోతే అంతస్తుల బజారుకి ఎక్కడైనా ఉండే జబ్బే దీనికీ ఉంది: కింది అంతస్తులో దుకాణం దక్కినవాడు అదృష్టవంతుడు, పై అంతస్తువాడు గిరాకీ కోసం మెట్లవైపు చూస్తూ కూర్చోవాలి. కొండవాలులో దారే దుకాణం వరస. నడిచేవాడు కావాలనుకోకపోయినా అన్నిటినీ దాటి వెళ్ళాలి. భవనంలో ఆ బలవంతం లేదు. ఆ వాలు చేసే పని ఏమిటో ముందు గమనించి, తర్వాత నక్షా గీసి ఉంటే బాగుండేది.

సాయంత్రం నాలుగయ్యేసరికి కొండ మీద నుంచి మబ్బు దిగి చినుకులు మొదలవుతాయి. గడియారం కింద గుర్రబ్బండ్లవాళ్ళు, అచ్చంగా మన జట్కాల్లాంటి ‘బెండీ’ల వాళ్ళు, గుర్రాల మీద పట్టా కప్పుతారు. కింది బజారులో ధరలు గంటగంటకీ పడిపోతుంటాయి. పొద్దున కిలో లెక్కన అమ్మిన టమాటా ఇప్పుడు కుప్ప లెక్కన. మెట్ల దగ్గర ఒకావిడ చిన్న నోటుపుస్తకం పట్టుకుని గంపగంపకీ తిరుగుతుంది. ఇది జులో-జులో, మన చీటీపాటకి చుట్టం, పాట లేదు గానీ. రోజూ తలా కొంత వేస్తారు, వంతుల వారీగా ఒకరికి మొత్తం అందుతుంది. బ్యాంకు మెట్లెక్కకుండా మిర్చి బస్తాకి మొదలు పుట్టేది ఇలాగే. ఈరోజు వంతు వచ్చినావిడ నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి నడుములో దోపుకుంటుంది. అమ్ముడుపోని క్యారెట్లు కడిగి బస్తాలో వేసి, మూతి కట్టి, వ్యాన్ పైకి ఎక్కిస్తుంది. రేపు గురువారం. బండి పకన్ కామిస్‌కి వెళ్తుంది.